ఆఫీసు వెల్‌నెస్ ప్రోగ్రామ్ ఎవరి చేతిలో పెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

కంపెనీలకు మనుషుల్ని వెతికిపెట్టడం నా పని. ఈమధ్య హైదరాబాద్, విశాఖ చుట్టుపక్కల నుంచి తరచూ ఒక ఫోను వస్తోంది: "వెల్‌నెస్ ప్రోగ్రామ్ మొదలుపెడుతున్నాం, దాన్ని చూసుకునే మనిషి కావాలి." వెల్‌నెస్ ప్రోగ్రామ్ అంటే ఉద్యోగుల ఒంటి ఆరోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ కంపెనీ పట్టించుకునే ఏర్పాటు. ఆ ఫోన్లలో మళ్ళీ మళ్ళీ వినపడే ప్రశ్నలివి. ఐటీ వాళ్ళకీ ఫ్యాక్టరీ వాళ్ళకీ కలిపి రాశాను, తేడా ఉన్నచోట విడిగా చెప్పాను.

హెచ్‌ఆర్ ఉందిగా, మళ్ళీ ప్రత్యేకంగా ఒక మనిషి ఎందుకు?

అప్రైజల్, అంటే ఉద్యోగి పనితీరు లెక్క, హెచ్‌ఆర్ చేతిలో ఉంటుంది. వార్నింగ్ లెటరూ, ఉద్యోగంలోంచి తీసేసే కాగితమూ అక్కడి నుంచే వస్తాయి. రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదనో, తాగుడు ఎక్కువైందనో, ఇంట్లో గొడవలనో ఆ టేబుల్ ముందు కూర్చుని ఎవరు చెప్తారు? హెచ్‌ఆర్ వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, ఆ కుర్చీ అలాంటిది. అదీగాక, వాళ్ళకి ఇది పదకొండో పని. నియామకాలు, పీఎఫ్, జీతాలు అయ్యాక మిగిలిన టైంలో చేసేది మొక్కుబడిగానే ఉంటుంది: జూన్ 21న యోగా డే ఫొటో, అక్టోబరు 10న మానసిక ఆరోగ్య దినం పోస్టరు, మధ్యలో ఏమీ ఉండదు.

ఈ పోస్టులో ఉన్నవాళ్ళు రోజంతా ఏం చేస్తారు? మాకు ఊహకందడం లేదు.

మంచి మనిషైతే సగం రోజు సీట్లో కనపడరు. ఏ ఫ్లోర్‌లో ఎవరు వరసగా సెలవులు పెడుతున్నారు, ఎవరి క్యాబ్ తెల్లవారుజామున మూడింటికి వదిలి మళ్ళీ పదకొండింటికి ఎక్కిస్తోంది, ఏ సెక్షన్‌లో అందరికీ నడుం నొప్పే వస్తోంది అని చూస్తూ ఉంటారు. మిగిలిన సగం రోజు ఇన్సూరెన్స్ వాళ్ళతో, క్యాంటీన్ కాంట్రాక్టర్‌తో, దగ్గర్లోని ఆసుపత్రితో, మేనేజర్లతో మాటలకే పోతుంది.

ఒక్క క్యాంటీన్ సంగతే చూడండి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటొద్దని ఉంది. మన క్యాంటీన్లలో సాంబారు, ఆవకాయ, అప్పడం, మజ్జిగలో ఉప్పు కలిపితే ఆ లెక్క మధ్యాహ్నానికే దాదాపు అయిపోతుంది. దీని మీద పోస్టరు అతికించడం ఎవరైనా చేస్తారు. కాంట్రాక్టర్‌తో కూర్చుని, పొద్దున మిర్చి బజ్జీలు వేసిన నూనెని సాయంత్రం పకోడీకి వాడకుండా ఆపించి, ఆ ఖర్చు ఎక్కణ్ణుంచి తేవాలో అకౌంట్స్ వాళ్ళతో తేల్చుకొచ్చే మనిషి కావాలి మీకు.

ఏ చదువు చూడాలి? డాక్టరా, సైకాలజిస్టా, డైటీషియనా, యోగా టీచరా?

అందరూ ముందు అడిగేది ఇదే. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ప్రోగ్రామ్ నడిపే మనిషి వేరు, వైద్యం చేసే మనిషి వేరు. ఇద్దరినీ ఒకరిలోనే వెతికితే దొరకరు. దొరికినా, ఒకే మనిషి పొద్దున కౌన్సెలింగ్ చేసి మధ్యాహ్నం మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో కూర్చుంటే కౌన్సెలింగ్‌కి ఎవరూ రారు. వైద్యం చేసేవాళ్ళతో విడిగా ఒప్పందం చేసుకోండి. నడిపే మనిషికి వాళ్ళలో అసలెవరో, నకిలీ ఎవరో గుర్తుపట్టే తెలివి ఉంటే చాలు.

క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకునేవాళ్ళకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడిగి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. మందులు రాయగలిగేది సైకియాట్రిస్టు, అంటే ఎంబీబీఎస్ తర్వాత ఆ విభాగంలో పీజీ చేసిన డాక్టరు. రెండు వారాంతాల కోర్సు చేసి "లైఫ్ కోచ్" కార్డు కొట్టించుకున్నవాళ్ళు ఈ రెంటిలో ఏదీ కారు. గుండె ధైర్యం చెప్పడానికి పనికొస్తారేమోగానీ డిప్రెషన్ కేసు వాళ్ళకి అప్పగించకూడదు.

ఫ్యాక్టరీ డాక్టరైతే ఏఎఫ్‌ఐహెచ్ ఉందా అని అడగండి. అసోసియేట్ ఫెలో ఆఫ్ ఇండస్ట్రియల్ హెల్త్ అని, ఎంబీబీఎస్ డాక్టర్లకు వృత్తి సంబంధ జబ్బుల మీద ఇచ్చే మూడు నెలల శిక్షణ అది. మనకి దగ్గర్లో చెన్నైలోని ప్రాంతీయ లేబర్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతుంది. ఎదురుగా కూర్చున్న కార్మికుడి దగ్గుకి సిరప్ రాసేవాళ్ళకీ, "ఏ సెక్షన్‌లో పని, ఎన్నేళ్ళుగా?" అని అడిగేవాళ్ళకీ ఉన్న తేడా ఆ శిక్షణతో వస్తుంది.

ఇక నడిపే మనిషి. నా మటుకు నాకు రెండు రకాల వాళ్ళు ఎక్కువ నచ్చుతారు. ఒకరు ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి ఫ్యాక్టరీలోనో ఆసుపత్రిలోనో కొన్నేళ్ళు చేసినవాళ్ళు. ఆంధ్రా యూనివర్సిటీ సోషల్ వర్క్ విభాగం నుంచి, గచ్చిబౌలిలోని రోడా మిస్త్రీ కాలేజీ నుంచి వచ్చినవాళ్ళు మన దగ్గర చాలామందే ఉన్నారు. మన కంపెనీలు వాళ్ళని సీఎస్‌ఆర్ (కంపెనీ తరఫు సమాజ సేవ) పనికే అనుకుంటాయి, అది తప్పు. రెండో రకం, పెద్దాసుపత్రిలో వార్డు ఇన్‌చార్జిగా చేసిన సీనియర్ నర్సు. డాక్టర్లకి భయపడరు, రోగుల బంధువుల్ని సముదాయించగలరు, రిజిస్టరు పక్కాగా రాస్తారు, రాత్రి డ్యూటీ అంటే ఏంటో ఒళ్ళంతా తెలుసు.

యోగా టీచర్లు, జిమ్ ట్రెయినర్లు కూడా బాగా చేసినవాళ్ళున్నారు. కాకపోతే వాళ్ళలో కొందరు ప్రతి సమస్యనీ తమ దగ్గరున్న మందుతోనే చూస్తారు. పన్నెండు గంటల పనికి ప్రాణాయామం విరుగుడు కాదు.

కనీసం ఫిట్‌గా కనిపించాలి కదా?

అక్కర్లేదు. నిజానికి షుగర్‌తోనో బీపీతోనో కొన్నేళ్ళుగా నెట్టుకొస్తున్న మనిషి మాట జనం త్వరగా వింటారు. అయితే ఇంటర్వ్యూలో మాత్రం ఎవరి జబ్బుల గురించీ అడగొద్దు.

మా దగ్గరే పనిచేస్తున్నవాళ్ళలోంచి తీసుకోవాలా, బయటి నుంచా?

లోపలివాళ్ళలో దొరికితే అంతకంటే మంచిది లేదు. ఎలా పట్టుకోవాలంటే, ఇంట్లో ఏదైనా కష్టం వస్తే మొదట ఎవరికి చెప్తారు అని నాలుగైదు టీమ్‌ల వాళ్ళని విడివిడిగా అడగండి. హోదాతో పని లేకుండా ఒకే పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఎక్కువగా అది ఎవరూ ఊహించని పేరే అయి ఉంటుంది: అడ్మిన్‌లో ఉండే అక్క, స్టోర్స్‌లో పాతికేళ్ళుగా ఉన్న బాబాయి, రిసెప్షన్‌లో అమ్మాయి. నలుగురూ వచ్చి చెప్పుకుంటున్నారంటే, విన్నది కడుపులో దాచుకునే గుణం ఆ మనిషికి ఉందన్నమాట. శిక్షణ తర్వాతైనా ఇప్పించుకోవచ్చుగానీ ఆ గుణాన్ని ఏ కోర్సూ నేర్పదు.

ఒక హెచ్చరిక: "పని తక్కువగా ఉంది కదా" అని బెంచ్ మీద (ప్రాజెక్టు లేక ఖాళీగా) ఉన్నవాళ్ళకీ, ప్రమోషన్ ఇవ్వలేక ఏదో ఒక పేరు పెట్టాలనుకున్నవాళ్ళకీ ఈ పదవి అంటగట్టకండి. ఉద్యోగులకి ఆ సంగతి మొదటి రోజే తెలిసిపోతుంది.

బయటి మనిషిని తీసుకోవాల్సిన సందర్భమూ ఉంది. కంపెనీలో రెండు వర్గాలు ఉప్పూ నిప్పూగా ఉంటే లోపలివాళ్ళెవరైనా ఏదో ఒక పక్షం కిందే లెక్క.

ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసర్ ఉన్నారు. ఆయనకే ఇచ్చెయ్యొచ్చా?

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 500 మంది కార్మికులున్న చోట వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాలంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ సంఖ్యని 250కి దించింది. క్యాంటీన్ పరిమితి కూడా 250 నుంచి 100కి తగ్గింది. రాష్ట్ర రూల్స్‌లో ఏముందో మీ లేబర్ కన్సల్టెంట్‌ని అడిగి తెలుసుకోండి.

ఇచ్చెయ్యొచ్చా అంటే, ఆ మనిషిని బట్టి. యూనియన్‌తో బేరాలు, కాంట్రాక్టర్ల బిల్లులు, లేబర్ ఆఫీసు తనిఖీలు అన్నీ ఆయన నెత్తినే ఉంటే ఇంకోటి మొయ్యలేరు. ముందు ఆయన టేబుల్ మీది నుంచి ఏం తీసేస్తారో చెప్పి, ఆ తర్వాత ఇది పెట్టండి.

ఐటీకీ ఫ్యాక్టరీకీ ఒకే రకం మనిషి సరిపోతారా?

ఐటీ ఆఫీసులుండే మాదాపూర్‌లో పనికొచ్చిన మనిషి ఫ్యాక్టరీలుండే పాశమైలారంలో తేలిపోవచ్చు, అక్కడి మనిషి ఇక్కడా అంతే. ఐటీలో సమస్య కంటికి కనపడదు. అమెరికా క్లయింటు టైం ప్రకారం రాత్రి పదకొండుకి కాల్, పొద్దున్నే పిల్లల స్కూలు బస్సు, మధ్యలో ఎసిడిటీ, మెడనొప్పి, ఎప్పుడు తీసేస్తారోనన్న టెన్షన్. దాన్ని మాటల్లో రాబట్టగలిగినవాళ్ళు కావాలి.

ఫ్యాక్టరీలో సమస్య కళ్ళెదుటే ఉంటుందిగానీ ఎవరూ దాన్ని సమస్య అనుకోరు. ఒక మందుల కంపెనీకి ఈ పోస్టు కోసం ఇంటర్వ్యూలు పెట్టాం. అభ్యర్థుల్లో ఒకావిడ, గతంలో నర్సుగా చేసినావిడ, ఇంటర్వ్యూ గదిలోకి వచ్చేముందు క్యాంటీన్‌లో టీ తాగి వస్తానంది. అరగంట తర్వాత వచ్చి, "ట్యాబ్లెట్ సెక్షన్ ఆడపిల్లలు షిఫ్టంతా నీళ్ళు తాగడం లేదండి" అంది. ఎందుకంటే, బాత్రూంకి వెళ్ళాలంటే గౌను, క్యాపు, మాస్కు అన్నీ విప్పి, తిరిగొచ్చి మళ్ళీ మొదట్నుంచీ వేసుకోవాలి. ఆ టైంకి లైను ఆగితే సూపర్‌వైజర్ కేకలు. అందుకని గొంతు ఎండబెట్టుకుంటున్నారు, యూరిన్ ఇన్ఫెక్షన్లు తెచ్చుకుంటున్నారు. వాళ్ళు వెళ్ళొచ్చేదాకా ఆ చోట నిలబడే మనిషిని, అంటే రిలీవర్‌ని, ఒకరిని పెడితే సగం తీరిపోతుందని కూడా ఆవిడే చెప్పింది. మిగిలిన అభ్యర్థులు తెచ్చిన పీపీటీల్లో జుంబా ఉంది, ధ్యానం ఉంది, స్టెప్ ఛాలెంజ్ ఉంది. నీళ్ళ మాట ఒక్కదాంట్లోనూ లేదు.

ఇంకోటి, భాష. మన పారిశ్రామికవాడల్లో ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కార్మికులు బోలెడంతమంది. వాళ్ళతో హిందీలోనైనా నాలుగు మాటలు మాట్లాడలేని మనిషి సగం ప్లాంటుకే పనికొస్తారు. అసలు కాంట్రాక్టు వాళ్ళకి కూడా ఈ ప్రోగ్రామ్ వర్తిస్తుందా అని అభ్యర్థి మిమ్మల్ని అడిగారంటే, ఆ పేరు పక్కన టిక్కు పెట్టుకోండి.

ఇంటర్వ్యూలో ఏం అడగాలి?

"ఆరోగ్యమంటే మీ దృష్టిలో ఏమిటి?" లాంటివి వద్దు, బట్టీ పట్టిన జవాబులొస్తాయి. నేను ఈ మూడూ తప్పకుండా అడుగుతాను.

మొదటిది: "ఒకే టీమ్‌లో నలుగురు వరసగా సిక్ లీవ్ పెట్టారు. ఆ మేనేజర్ ఎండీ గారికి బాగా కావలసినవాడు. మీరేం చేస్తారు?" ఆ టీమ్‌కి స్ట్రెస్ మేనేజ్‌మెంట్ క్లాసు పెట్టిస్తాననే జవాబు చాలా ఎక్కువగా వస్తుంది. అంటే తప్పంతా లీవు పెట్టినవాళ్ళదే అనుకుంటున్నారన్నమాట. ఎన్ని గంటలు చేస్తున్నారో, ఎంతమంది మానేశారో ముందు చూస్తాను, మేనేజర్‌తో మాట్లాడతాను, మారకపోతే పేర్లు లేకుండా లెక్కలతో పైకి తీసుకెళ్తాను అన్నవాళ్ళకి పని తెలుసు.

రెండోది: "ఎండీ గారు ఫోన్ చేసి, ఫలానా అబ్బాయి కౌన్సెలర్ దగ్గరికి వెళ్తున్నాడట, సంగతేంటి అన్నారు. ఏం చెప్తారు?" "ఎవరు వెళ్తున్నారో చెప్పలేనండి" అనాలి. వినయంగా అనొచ్చు, నసుగుతూ అనొచ్చు, కానీ అనాలి. "మీకైతే చెప్తాను సార్" అని నవ్వినవాళ్ళని అక్కడితో ఆపెయ్యండి. ఈ ప్రశ్న అడిగేటప్పుడు ఎండీ గారే గదిలో ఉంటే ఇంకా బాగుంటుంది.

మూడోది: "మొదలుపెట్టి ఆపేసిన కార్యక్రమం ఒకటి చెప్పండి." జనం రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కున్నారా, జనాన్నే తిట్టుకున్నారా అన్నది ఇక్కడ బయటపడుతుంది.

కొంచెం లోతుగా వెళ్ళాలంటే ఇన్సూరెన్స్ గురించి అడగండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం బీమా కంపెనీలు మిగతా జబ్బుల్లాగే మానసిక జబ్బులకీ కవర్ ఇవ్వాలి. కానీ చాలా గ్రూప్ పాలసీల్లో అది ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది, బయట కౌన్సెలింగ్ ఫీజుకి రాదు. ఈ తేడా తెలిసిన మనిషి మీ డబ్బులు ఎక్కడ పెట్టాలో సరిగ్గా చెప్తారు.

ఆడవాళ్ళైతే మంచిదా, మగవాళ్ళా?

ఎవరైనా ఒకటే. కాకపోతే అవతలి జెండర్ వాళ్ళు మాట్లాడటానికి రెండో మనిషిని కూడా పెట్టండి. లైంగిక వేధింపుల ఫిర్యాదులు మాత్రం ఈ మనిషి తేల్చేవి కావు. పదిమంది, ఆపైన ఉద్యోగులున్న ప్రతిచోటా 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి, అవి అక్కడికే వెళ్ళాలి. "కాస్త కౌన్సెలింగ్ ఇప్పించి సర్దుబాటు చేద్దాం" అనే కంపెనీలకి ఇది ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఎవరికి రిపోర్ట్ చెయ్యాలి?

ఐటీలో అయితే ఎండీకో సీఓఓకో, ఫ్యాక్టరీలో ప్లాంట్ హెడ్‌కి. హెచ్‌ఆర్ కిందే పెట్టక తప్పదంటే, అప్రైజల్ చూసేవాళ్ళ కింద మాత్రం పెట్టకండి.

ఒక యాప్ కంపెనీ వాళ్ళు అంతా మేమే చూసుకుంటామంటున్నారు. ఇక మనిషెందుకు?

వాళ్ళని ప్రశ్నలడగడానికి. వాళ్ళ కౌన్సెలర్ల రిజిస్ట్రేషన్ ఏంటి, తెలుగులో మాట్లాడేవాళ్ళు ఎంతమంది, ఫోన్ చేస్తే ఎన్ని రోజులకి అపాయింట్‌మెంట్ దొరుకుతుంది, ఉద్యోగి వివరాలు ఎవరి సర్వర్‌లో ఉంటాయి, కాంట్రాక్టు అయిపోయాక వాటినేం చేస్తారు? ఇవి అడిగే మనిషి లోపల లేకపోతే, నెలాఖరుకి రంగురంగుల డ్యాష్‌బోర్డు వస్తుంది, దాన్నెవరూ చదవరు.

మాస్టర్ హెల్త్ చెకప్ రిపోర్టులు ఈ మనిషి చూడొచ్చా?

పేర్లతో చూడక్కర్లేదు. రిపోర్టు ఉద్యోగికీ డాక్టరుకీ మధ్య ఉండాలి. ప్రోగ్రామ్‌కి కావలసింది మొత్తం లెక్క: ఎంతమందికి బీపీ ఎక్కువుంది, ఎంతమందికి షుగర్ బయటపడింది. అది కూడా ఆరుగురే ఉన్న టీమ్ లెక్క విడిగా తీస్తే ఎవరిదో ఇట్టే తెలిసిపోతుంది, కాబట్టి చిన్న టీమ్‌లని కలిపేయాలి. చట్టప్రకారం ఏ కాగితాలు తప్పనిసరో కంపెనీ డాక్టరు చూసుకుంటారు. ఈ పద్ధతి మొత్తం ఆఫర్ లెటర్‌లోనే రాసివ్వండి, రేపు ఎవరైనా ఒత్తిడి తెస్తే చూపించుకోవడానికి ఆ మనిషికి కాగితం ఉంటుంది.

ఎవరైనా వచ్చి "చనిపోవాలనిపిస్తోంది" అంటే ఈ మనిషి ఏం చెయ్యాలి?

ఒంటరిగా వదలకుండా పక్కన కూర్చోవాలి, ఇంట్లోవాళ్ళలో ఆ ఉద్యోగి నమ్మేవాళ్ళని పిలిపించాలి, అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికి చేర్చాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి రాత్రైనా పగలైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇంత నిబ్బరంగా ఉండే మనిషి కాదనిపిస్తే ఉద్యోగం ఇవ్వకండి. అలాగే "నేనే మాట్లాడి మామూలు చేసేస్తా" అనే అతి ధైర్యం ఉన్నవాళ్ళకీ వద్దు. ఈ పోస్టులో అది ఎక్కువ ప్రమాదం.

ప్రోగ్రామ్ పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? మా ఫైనాన్స్ వాళ్ళు లెక్క అడుగుతున్నారు.

అడగనివ్వండి, మంచిదే. అమెరికాలో ఓ పెద్ద స్టోర్ల సంస్థలో సుమారు 33,000 మంది ఉద్యోగుల మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. ఏడాదిన్నర వెల్‌నెస్ ప్రోగ్రామ్ నడిచాక ఉద్యోగులు వ్యాయామం ఎక్కువ చేస్తున్నామని చెప్పారుగానీ బీపీ, కొలెస్ట్రాల్, వైద్య ఖర్చు, గైర్హాజరు దేంట్లోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2024లో బ్రిటన్‌లో 46,336 మంది ఉద్యోగుల సమాచారం పరిశీలించినప్పుడు, ధ్యానం యాప్‌లు, ఒత్తిడి తట్టుకునే క్లాసుల్లాంటివి వాడినవాళ్ళు వాడనివాళ్ళకంటే మెరుగ్గా ఏమీ లేరు.

వీటిని చూసి ప్రోగ్రామే దండగ అనుకోనక్కర్లేదు. ఉద్యోగిని ఒక్కణ్ణే మార్చాలని చూస్తే ఇంతే జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు కూడా పని పద్ధతుల్ని సరిచెయ్యమంటాయి, మేనేజర్లకి శిక్షణ ఇమ్మంటాయి. కాబట్టి ఈ మనిషిని "ఎన్ని సెషన్లు పెట్టావు, ఎంతమంది వచ్చారు" అని కొలవకండి. ఈ ఏడాది పనిలో ఏం మార్పించగలిగారు అని అడగండి: రాత్రి కాల్స్ వంతులవారీగా మారాయా, రిలీవర్ వచ్చారా, మే నెలలో షెడ్డులో పనిచేసేవాళ్ళకి మధ్యాహ్నం విరామం పెరిగిందా. సంఖ్యలు కావాలంటే ఉద్యోగం మానేసినవాళ్ళ లెక్క, సిక్ లీవులు, ఫస్ట్ ఎయిడ్ రిజిస్టరు చాలు. మొదటి ఏడాది లాభం చూపిస్తానని హామీ ఇచ్చే అభ్యర్థిని నేనైతే నమ్మను.

మాది నలభై మంది ఉన్న చిన్న కంపెనీ. ఇంత హడావిడి అవసరమా?

పూర్తికాలం మనిషి అవసరం లేదు. అందరూ నమ్మే ఒకరికి వారంలో ఒక పూట ఖాళీ చేసివ్వండి. "నీ పని నువ్వు చేసుకుంటూనే ఇది కూడా" అంటే మూణ్ణెల్లలో ఆగిపోతుంది. జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకి ఈఎస్ఐ కార్డు ఉన్నా, డిస్పెన్సరీ ఎక్కడో తెలియనివాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళని ఒకసారి వెంటబెట్టుకుని తీసుకెళ్ళడం కూడా వెల్‌నెస్సే. పక్క కంపెనీలతో కలిసి ఒక కౌన్సెలర్‌ని, ఒక డాక్టర్‌ని పంచుకోవచ్చు. నాచారం, జీడిమెట్ల లాంటి చోట్ల గోడకి గోడ కంపెనీలే కదా.

మనిషి దొరికారు. మొదటి నెల ఏం చేయమనాలి?

ఏ కార్యక్రమమూ పెట్టొద్దనండి. ఏ, బీ, సీ షిఫ్టులు మూడింటిలోనూ తిరగాలి, రాత్రి నడిచే సీ షిఫ్ట్‌లో కనీసం రెండుసార్లు. గత ఏడాది సెలవుల రిజిస్టరు, మానేసినవాళ్ళు చెప్పిన కారణాలు చదవాలి. క్యాంటీన్‌లో అందరితో కలిసి తినాలి. నెలాఖరుకి ఒక్క పేజీలో మూడే సమస్యలు రాసివ్వమనండి, వాటిలో ఒకటైనా మేనేజ్‌మెంట్‌కి మింగుడుపడనిది ఉండాలి. ఆ పేజీ వచ్చిన వారంలోపు మీరు ఒకదానికైనా డబ్బు మంజూరు చెయ్యండి. అది చెయ్యకపోతే మూడో నెలకల్లా నాకు మళ్ళీ ఫోన్ చేస్తారు, ఇంకో మనిషిని చూసిపెట్టమని.